ఆ అమ్మ ఉద్యోగం ఎక్కడ పోయింది?

"లేత మనసులు" పేరెత్తగానే మనలో చాలామందికి కథకంటే ముందు సుశీల గొంతు గుర్తుకొస్తుంది. పిల్లల్నీ దేవుణ్ణీ ఒకే పీట మీద కూర్చోబెట్టి, ఇద్దరూ ఒకరి తప్పులు మనసులో పెట్టుకునేవాళ్లు కారని చెప్పే ఆ పాట రేడియోలో వస్తుంటే, పోపు వేస్తున్న చెయ్యి ఒక్క క్షణం ఆగేది. అమ్మానాన్నా విడిపోయిన సంగతిని కోళ్లమీద పెట్టి చెప్పే ఇంకో పాట కూడా ఉంది. చిన్నపిల్లలు గంతులేస్తూ పాడుకునేవారు గాని, నిజానికి అది ఎంత దిగులుపాటో పెద్దయ్యాక గాని తెలియదు.

1966లో ఏ.వి.ఎం. వారు తీసిన సినిమా అది. దర్శకులు కృష్ణన్, పంజు. సంగీతం ఎం.ఎస్. విశ్వనాథన్. హరనాథ్, జమున భార్యాభర్తలు. జమున తల్లిగా జి. వరలక్ష్మి, కవల ఆడపిల్లలిద్దరుగా ఒక్క కుట్టి పద్మినే. అమ్మానాన్నలు విడిపోయి పిల్లల్ని చెరొకర్ని పంచుకుంటారు. అలా పెరిగిన పిల్లలు ఒకచోట కలుసుకుని, అచ్చుగుద్దినట్టున్న మొహాలు చూసుకుని, ఒకరి ఇంటికి ఒకరు మారిపోయి, పెద్దవాళ్లని కలుపుతారు. ఇంతే కథ. మా హుజూర్‌నగర్, కోదాడ, మిర్యాలగూడ వైపు ఈ కథ రెండుసార్లు చూసినవాళ్లున్నారు. ఒకసారి తెలుగులో, రెండేళ్ల తరవాత 1968లో "దో కలియాఁ" అన్న పేరుతో హిందీలో. నిజాం రాజ్యంలో ఉర్దూ బడుల్లో చదువుకున్న పెద్దలున్న ఊళ్లు కదా, హిందీ సినిమా అర్థం కాకపోవడమనే సమస్య వాళ్లకు ఉండేది కాదు.

అయితే ఈ కథ మద్రాసులో పుట్టలేదు, బొంబాయిలో అంతకన్నా పుట్టలేదు. పుట్టినిల్లు జర్మనీ. పిల్లల కోసం రాసిన పుస్తకం. 1949లో అచ్చయింది. రచయిత ఎరిక్ కేస్ట్నర్. పిల్లల పుస్తకాలు మన తెరకెక్కడం అప్పటికి కొత్తేమీ కాదు. మార్క్ ట్వేన్ రాసిన రాజకుమారుడూ బీదవాడూ కథ 1954లోనే బి.ఏ. సుబ్బారావు గారి చేతిలో "రాజు పేద" అయింది. కాని అందులో రాజులు మన రాజులే అయిపోయారు, కోటలు మన కోటలే అయిపోయాయి. రాజుల కథలకు ఆ సుఖం ఉంది, ఏ దేశం బట్టలైనా నప్పుతాయి. సంసారం కథ అలా కాదు. ఒక ఊరి సంసారాన్ని ఎత్తి ఇంకో ఊళ్లో పెడితే పొయ్యి మారుతుంది, గుమ్మం మారుతుంది, తప్పెవరిదన్న లెక్క కూడా మారుతుంది. ఆ మారిన లెక్క సంగతే నేను చెప్పబోయేది.

ముందు ఆ రచయిత గురించి నాలుగు మాటలు. కేస్ట్నర్ 1899లో డ్రెస్డెన్‌లో పుట్టాడు. తండ్రి జీన్లు కుట్టే పనివాడు. ఆ రాబడి చాలక తల్లి ఈడా, పిల్లవాడు పుట్టాక, ముప్పయ్యైదేళ్ల వయసులో ఆడవాళ్లకు జుట్టు అలంకరించే పని నేర్చుకుని, ఇంట్లోనే ఆ పని చేసి కొడుకుని చదివించింది. ఇది గుర్తుపెట్టుకోండి. 1929లో అతనికి పేరు తెచ్చిన "ఎమిల్, డిటెక్టివులు" పుస్తకంలో ఎమిల్ తల్లి కూడా విధవరాలు, జుట్టు అలంకరించి బతికే మనిషే. అతని పుస్తకాల్లో అమ్మలు ఊరికే కళ్లొత్తుకుంటూ కూర్చోరు. సంపాదిస్తారు.

1933 మే నెలలో నాజీలు బెర్లిన్‌లో పుస్తకాలు కుప్పపోసి తగలబెట్టినప్పుడు కేస్ట్నర్ పుస్తకాలు కూడా అందులో ఉన్నాయి. ఆయన గుంపులో నిలబడి తన పుస్తకాలు కాలడం తన కళ్లతో చూశాడు. తరవాత దేశంలో ఆయన రాతల మీద నిషేధం. మధ్యలో 1942 ప్రాంతంలో కొద్దికాలం సినిమాకి రాసుకోమని ప్రత్యేకంగా అనుమతి దొరికింది. ఆ కొద్దికాలంలో జోసెఫ్ ఫోన్ బాకీ అనే దర్శకుడి కోసం ఈ కవలల కథ సినిమా కథగా అల్లాడు. అంతలో మళ్లీ నిషేధం పడింది. సినిమా ఆగిపోయింది. యుద్ధం అయిపోయాక, ఆగిపోయిన సినిమా కథనే నవలగా రాశాడు. ఆ మరుసటి యేడు, 1950లో, అదే బాకీ దానిని సినిమా తీశాడు. అంటే సినిమా కోసం పుట్టి, పుస్తకమై, మళ్లీ సినిమా దగ్గరికే వెళ్లిన కథన్నమాట. ఆ సినిమాలో నిజమైన కవలలు, ఇసా, యుట్టా గుంటర్ అనే అక్కచెల్లెళ్లు వేశారు. మధ్యమధ్య కథ చెప్పే గొంతు కేస్ట్నర్‌దే.

ఇక కథలోకి వస్తాను. లూయిసె వియన్నాలో తండ్రి దగ్గర పెరిగింది. లొట్టె మ్యూనిక్‌లో తల్లి దగ్గర పెరిగింది. తల్లి పేరు లూయిసెలొట్టె. పిల్లల్ని పంచుకున్నట్టే ఆవిడ పేరుని కూడా రెండు ముక్కలు చేసి చెరొకరికీ ఇచ్చారన్నమాట. ఎంత చిన్న సంగతిలో ఎంత బాధ పెట్టాడో చూడండి! వేసవి సెలవుల్లో ఒక సరస్సు పక్కనుండే పిల్లల విడిదిలో ఇద్దరూ ఎదురుపడతారు. మొదట కొట్టుకుంటారు, తరవాత ఏడుస్తారు, ఆ తరవాత ఇళ్లు మారిపోతారు.

ఇంటిపని గురించి కేస్ట్నర్‌కి ఎంత తెలుసో ఇక్కడే బయటపడుతుంది. లొట్టె తల్లి ఉద్యోగానికి వెళ్తుంది కాబట్టి తొమ్మిదేళ్ల పిల్లే బజారుకి వెళ్లి సరుకులు తెచ్చి వంట చేసేది. ఆ పిల్ల వియన్నా వెళ్లగానే ఏం చేసిందనుకున్నారు? ఇంటిపనిమనిషి రాసే పద్దుల పుస్తకం తీసి చూసింది! అన్నాళ్లుగా అయ్యగారి డబ్బు ఎలా కారిపోతోందో పట్టేసింది. అటు మ్యూనిక్ చేరిన లూయిసె పాట్లు వేరు. పొయ్యిముందు నిలబడటం ఎప్పుడూ ఎరగని పిల్ల, అమ్మ ఇంటికి వచ్చే వేళకి వంట ముగించలేక ముప్పుతిప్పలు పడుతుంది. ఇక వియన్నా హోటల్లో లూయిసెకి ఇష్టమైన తీపి అట్లు ఒకటి తరవాత ఒకటి వడ్డిస్తుంటే, ఆ ఇష్టం లేని లొట్టె నోరుమూసుకుని మింగుతుంది. తండ్రికి తేడా తెలియలేదు. పనిమనిషికి తెలియలేదు. తెలిసింది ఒక్క కుక్కకి. హోటలుకి రోజూ వచ్చే పెద్దమనిషి పెంపుడు కుక్క, వాసన చూసి, ఇది ఆ పిల్ల కాదని దగ్గరికి రానంది.

తల్లిదండ్రులు విడిపోయిన కారణం చూస్తే నవ్వొస్తుంది, ఏడుపూ వస్తుంది. తండ్రి సంగీతకారుడు. ఇంట్లో ఇద్దరు పసిపిల్లలు ఒకరి తరవాత ఒకరు ఏడుస్తుంటే పాటలు కట్టడం కుదరలేదు. వేరే ఒక గది అద్దెకు తీసుకున్నాడు. అక్కడికి ఒక పాటగత్తె రాకపోకలు. ఇటు ఇరవయ్యేళ్లు దాటీ దాటని తల్లి, రాత్రింబవళ్లు పిల్లలతో అలిసిపోయి ఉంది. విడాకులు అడిగింది. పుట్టింటి పేరే మళ్లీ పెట్టుకుని మ్యూనిక్ వచ్చి, ఒక బొమ్మల వారపత్రికలో ఫోటోలు ఎంచే పనిలో చేరింది. చూడండి, ఇందులో రాక్షసులెవరూ లేరు. ఒక గదీ, కాస్త నిశ్శబ్దం, కాస్త నిద్రా దొరికి ఉంటే విడిపోయేవాళ్లు కారేమో.

ఇప్పుడు అసలు కిటుకు. పిల్లలు మారిపోయిన సంగతి తల్లికి ఎలా తెలుస్తుంది? విడిది దగ్గర ఊళ్లో ఒక ఫోటోగ్రాఫరు ఆ పిల్లలిద్దర్నీ పక్కపక్కన నిలబెట్టి ఫోటో తీశాడు. బావుంది కదా అని దానిని ఒక పత్రికకు పంపాడు. ఆ పత్రిక మ్యూనిక్‌ది. ఆ ఫోటో వచ్చి పడింది ఎవరి బల్ల మీద? ఈ తల్లి బల్ల మీద! రోజూ చేసే పనిలో భాగంగా కవరు విప్పింది, ఇద్దరు కూతుళ్లూ కలిసి నవ్వుతూ కనిపించారు. ఆవిడ ఉద్యోగం కథకి పెట్టిన ముక్కుపుడక కాదు. అది లేకపోతే కథ ముడి విడదు.

ఈ పుస్తకం రాస్తూ రాస్తూ కేస్ట్నర్ మధ్యలో ఆగి, పెద్దవాళ్లతో ఒక తగువు పెట్టుకుంటాడు. పిల్లల పుస్తకంలో విడాకుల గొడవేమిటని ఎవరైనా అడిగితే చెప్పమని, షిర్లీ టెంపుల్ సంగతి ఎత్తుతాడు. ఆ పసిపిల్ల ప్రపంచమంతా చూసే సినిమాల్లో వేసేది గాని, తను వేసిన సినిమా చూడటానికి మాత్రం చిన్నపిల్లవి వద్దు పొమ్మన్నారట. విడాకుల విషయమూ అంతే అంటాడు. అనుభవించేది పిల్లలు, చదవకూడని వాళ్లూ పిల్లలే! అమ్మానాన్నలు విడిపోయినందుకు బాధపడే పిల్లలు లోకంలో ఎందరో ఉన్నారు, విడిపోకుండా పోట్లాడుకుంటూ ఉన్నందుకు బాధపడేవాళ్లూ అంతే ఎందరో ఉన్నారని కూడా అంటాడు. 1949లో ఈ మాట పిల్లలతో చెప్పడానికి గుండె ఉండాలి.

సరే, ఈ కథ అక్కడి నుంచి మన దాకా ఎలా నడిచి వచ్చింది? దారి అమెరికా మీదుగా. 1961లో డిస్నీ వాళ్లు "ద పేరెంట్ ట్రాప్" తీశారు. హేలీ మిల్స్ అనే ఒక్క పిల్లే కెమెరా కిటుకుతో ఇద్దరుగా వేసింది. వియన్నా తండ్రి కాలిఫోర్నియాలో పెద్ద తోటబంగళా యజమాని అయ్యాడు. మ్యూనిక్ తల్లి బాస్టన్ చేరి, బాగా కలిగిన తన అమ్మానాన్నల ఇంట్లో ఉంది. జీతం తెచ్చే ఉద్యోగమేదీ కనపడదు. ఇంటి పెత్తనం ఆవిడ తల్లిది, అంటే పిల్లల అమ్మమ్మది. పత్రికా లేదు, కవరూ లేదు, బల్లా లేదు. రహస్యం ఇంట్లోనే, ముందు తాతగారి చెవిన పడుతుంది. మ్యూనిక్‌లో రెండు గదుల ఇల్లు తన జీతంతో నడుపుకున్న మనిషి, సముద్రం దాటేసరికి పుట్టింటి మేడలో తేలింది. ఆవిడ ఉద్యోగం ఎక్కడ పోయిందంటే ఇదిగో, ఇక్కడ పోయింది.

ఆ అమెరికా సినిమా చూసి ఏ.వి.ఎం. వారు 1965లో తమిళంలో "కుళందైయుమ్ దైవముమ్" తీశారు. జావర్ సీతారామన్ కథ సిద్ధం చేశారు. జయశంకర్ పక్కన జమునే భార్య. ఆ యేడు ఉత్తమ తమిళచిత్రంగా రాష్ట్రపతి రజత పతకం దానికే వచ్చింది. మరుసటి యేడు తెలుగు. మద్రాసు వాళ్లకి బాస్టన్ అమ్మమ్మ కనిపించింది. కేస్ట్నర్ పుస్తకంలో కథ నడిపే అమ్మమ్మ ఎవరూ లేరు. అమెరికాలో పుట్టిన ఆ మనిషికి మద్రాసులో ప్రమోషన్ వచ్చింది. మెతకైన భర్తని గుప్పెట్లో పెట్టుకున్న డబ్బుగల ఇల్లాలు, అల్లుడు కూడా అలాగే చెప్పుచేతల్లో ఉండాలని, వచ్చి తమ ఇంట్లోనే ఉండాలని షరతు పెడుతుంది. అల్లుడికి అభిమానం దెబ్బతిని వెళ్లిపోతాడు. కూతురు తల్లిమాట కాదని వెంట వెళ్లలేకపోతుంది. వియన్నాలో గది కోసం చెడిన కాపురం, మన దగ్గర ఇల్లరికం కోసం చెడింది.

మా వైపు దీన్ని ఇల్లుటం అంటారు. "ఇల్లుటపల్లుడు" అన్న మాట పలికే తీరులోనే సగం వెటకారం ఉంటుంది. మగపిల్లలు లేని ఇంట్లో, పొలం చూసుకునే దిక్కు లేనప్పుడు తెచ్చుకునే అల్లుడు. మామ పొలానికి వారసుడు, ఊరి నోటికి పలచన. 1967 ఆగస్టులో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలాక, ఎడమకాలువ కింద మా పొలాలకు విలువ పెరిగింది, గుంటూరు, కృష్ణా జిల్లాల వాళ్లు కూడా వచ్చి స్థిరపడ్డారు. వాళ్లది ఇల్లరికం, మాది ఇల్లుటం. మాటలో తేడా గాని అల్లుడి మొహంలో తేడా లేదు. అందుచేత, మద్రాసు వాళ్లు చేసిన మార్పు తెలివితక్కువది అనడానికి నాకు నోరు రాదు. వాద్యగోష్ఠి నడిపే వియన్నా పెద్దమనిషి బాధ మన ఇళ్లలో ఎవరికి అర్థమౌతుంది? అత్తవారింట భోజనానికి పిలిచేదాకా కూర్చోవాల్సిన అల్లుడి బాధ అందరికీ అర్థమౌతుంది.

కాని రెండు సంగతులు జారిపోయాయి. ఒకటి విడాకులు. హిందూ వివాహ చట్టం 1955లో వచ్చింది. సినిమా నాటికి పదకొండేళ్లు. అయినా మన కథలో భార్యాభర్తలు ఊరికే దూరమౌతారు, తాళి మెడలోనే ఉంటుంది, అందుచేత కలవడానికి మళ్లీ పెళ్లి అక్కర్లేదు. మధ్యతరగతి ప్రేక్షకులు ఉలిక్కిపడతారని కాబోలు. నిజానికి విడాకులు మనకి చట్టంతో వచ్చిన కొత్త వింత కాదు. చేతిపనీ చేనుపనీ చేసుకునే ఎన్నో కులాల్లో పెద్దమనుషుల ముందు తెంచుకోవడం, ఆపైన మారుమనువు చేసుకోవడం ఎప్పటినుంచో ఉంది. మా ఊళ్లలో దానికి ఇడుపు కాయితం అని పేరు. 1955 చట్టం కూడా ఆ ఆచారాన్ని తీసెయ్యలేదు, 29వ సెక్షనులో అలాగే ఉండనిచ్చింది. మేడల్లో నోరెత్తని మాట గుడిసెల్లో ఎప్పుడూ పలుకుతూనే ఉన్నారు.

రెండోది ఆ అమ్మ జీతం. నాకు ఎక్కువ గుచ్చుకునేది ఇదే. "లేత మనసులు"లో జమునకి ఉన్నవి రెండే గుమ్మాలు. ఒకటి తల్లిది, రెండోది మొగుడిది. ఒకటి దాటితే రెండోదానిలోకే అడుగు. లూయిసెలొట్టెకి మూడో గుమ్మం ఉంది, చిన్నదైనా తనది. తిరిగి మొగుడి దగ్గరికి వెళ్లినప్పుడు, గతిలేక వెళ్లిందని ఎవరూ అనలేరు. వెళ్లకపోయినా ఆవిడకి, పిల్లకి అన్నం ఉంది. కలిసి ఉండటంలో ఇష్టమెంతో తెలియాలంటే, విడిగా ఉండటానికి దారి ఉండాలి కదా! ఆ దారి మూసేశాక భార్య ఇంటికి రావడాన్ని ప్రేమ అనాలో, వేరే చోటు లేకపోవడం అనాలో తెరమీద చూసేవాళ్లకి తేలదు. ఇక నేరమంతా వరలక్ష్మి గారి నెత్తిన పడింది. మ్యూనిక్ కథలో మారాల్సింది ముఖ్యంగా తండ్రి. మన కథలో కళ్లు తెరవాల్సింది అత్తగారు.

ఇందులో ఇంకో తమాషా ఉంది. తెరమీద ఉద్యోగం లేని ఆ అమ్మగా వేసిన జమున, అప్పటికి పుష్కరం పైగా సినిమాల్లో సంపాదిస్తున్న మనిషి. "గుండమ్మ కథ"లో, "మంగమ్మ శపథం"లో ఆవిడ పొగరుకి జనం చప్పట్లు కొట్టినవాళ్లే. 1989లో రాజమండ్రి నుంచి లోక్‌సభకి కూడా వెళ్లింది. పాట పాడిన సుశీల సంపాదనపరురాలే. అత్తగారి వేషం కట్టిన వరలక్ష్మీ అంతే. అంతెందుకు, రెండు జడలేసుకుని ఇద్దరు కూతుళ్లుగా వేసిన కుట్టి పద్మిని కూడా ఆ పసివయసులోనే ఫ్లోర్ మీద పనిచేసి డబ్బు తెస్తోంది. కెమెరాకి ఇవతల ఆడవాళ్లందరికీ ఉద్యోగాలే. అవతల మాత్రం మేడ, మెట్లు, కన్నీళ్లు.

"దో కలియాఁ"లో మాలాసిన్హాది అదే మేడ. బేబీ సోనియాగా కవలల వేషం వేసిన పిల్ల తరవాత నీతూ సింగ్ అయింది. డిస్నీ వాళ్లు మాత్రం 1998లో ఈ కథ మళ్లీ తీసినప్పుడు తల్లిని లండన్‌లో పెట్టి, పెళ్లికూతుళ్ల బట్టలకు రూపం దిద్దే పని ఇచ్చారు. పోయిన ఉద్యోగం అలా ముప్పయ్యేడేళ్లకి తిరిగి దొరికింది.

కేస్ట్నర్ పుస్తకం చివర ఏమవుతుందో చెప్పలేదు కదూ. పిల్లల పుట్టినరోజు వస్తుంది, అమ్మానాన్నలు మళ్లీ పెళ్లి చేసుకుంటారు, అది మామూలే. నాకు నచ్చింది దాని పక్కనున్న చిన్న ఏర్పాటు. తండ్రి ఇంటికి ఎదురు వాటాలో ఒక చిత్రకారుడు ఉంటాడు. బొమ్మలు వేసుకోవడానికి అతనికి వెలుతురున్న గది కావాలి. తండ్రి ఊళ్లో దూరంగా అద్దెకు ఉంచుకున్న తన గది అతనికి ఇచ్చేసి, అతని వాటా తాను తీసుకుంటాడు. ఇకమీదట పాటలు కట్టుకోవడానికి వీధులు దాటి వెళ్లక్కర్లేదు. పియానో అక్కడే, నడవ అవతల. పిల్లలు అల్లరి చేస్తే వినపడేంత దూరంలో.